ఇంకొంచెం మేడమ్ ఒకటో వెర్షన్

ఆ ఆఫీసులో ఆమె కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు లేరు. రైలు టికెట్లు అమ్మే కంపెనీలో ప్రోగ్రామరు ఉద్యోగం. అందరిలాగే ఆమెకీ ఒక కుర్చీ, ఒక బల్ల ఉన్నాయి. కానీ కూర్చున్న కాసేపటికే లేచి కిటికీ దాకా వెళ్తుంది. అక్కడ చేసే పనేమీ ఉండదు. తిరిగొచ్చి మళ్ళీ కూర్చుంటుంది. పక్క బల్లావిడ ఉండబట్టలేక ఒకరోజు, "మీ కుర్చీలో మేకులేమన్నా ఉన్నాయా అండీ?" అని అడిగింది.

"కుర్చీలో లేవండీ, తలలో ఉన్నాయి" అంది ఆమె.

తలలో ఉన్న మేకు పేరు పందిరి.

పందిరి పుట్టింది వాళ్ళక్క కోపంలోంచి. అక్క నర్సు. ఆసుపత్రిలో కాదు, ఇళ్ళకి వెళ్ళి కట్లు మార్చి, ఇంజక్షన్లు చేసి వచ్చే నర్సు. ఆ నర్సులందరికీ రోగుల వివరాలు రాసుకోమని ఫోన్లో ఒక యాప్ ఇచ్చారు. నెట్‌వర్క్ ఉన్నంతసేపూ అది బుద్ధిగానే ఉండేది, లేనిచోట రాసిందంతా మింగేసేది. ఒక సాయంత్రం అక్క చెప్పులు కూడా విప్పకుండా వచ్చి చెల్లెలి ముందు నిలబడింది.

"నువ్వూ నీ కంప్యూటర్లూ! మంచానికి అంటుకుపోయిన మనిషి వీపు మీద పుండు ఎంతుందో టేపు పెట్టి కొలిచి రాశానే. ఆ సెల్లార్ ఇంట్లో సిగ్నల్ లేదట, మొత్తం పోయింది. సిగ్నల్ లేని ఇళ్ళల్లో కూడా మనుషులు జబ్బుపడతారని మీవాళ్ళకి ఎవరైనా చెప్పారా?"

ఆ కోపంలో తన తప్పు వీసమెత్తు లేకపోయినా, చెల్లెలు ఆ మాట పట్టుకుంది. సెలవురోజుల్లో కూర్చుని ఒక చట్రం కట్టడం మొదలుపెట్టింది. అది యాప్ కాదు. యాప్‌లు కట్టుకునేవాళ్ళు అడుగున వేసుకునే పని సామాను. నెట్‌వర్క్ లేనప్పుడు రాసిందంతా ఫోన్లోనే భద్రంగా దాచిపెడుతుంది, వచ్చినప్పుడు అందరి రాతల్నీ ఒకచోట కలుపుతుంది. పాదులు ఎవరివి వాళ్ళు వేసుకుంటారు, తీగలు పాకడానికి పందిరి మాత్రం నేను వేస్తాను అనుకుని ఆ పేరే పెట్టింది. కోడ్ అంతా బయటపెట్టేసింది. ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు, తప్పుంటే దిద్ది పంపొచ్చు. అక్కావాళ్ళ నర్సుల సంస్థలో ఒక ప్రోగ్రామరు దాని మీద కొత్త యాప్ కట్టాడు. తర్వాత ఎవరెవరో తీసుకున్నారు. కొండల్లో విత్తనాలు సేకరించేవాళ్ళు, చేపల పడవలవాళ్ళు, ఊరూరా తిరిగే పుస్తకాల బండివాళ్ళు. ఆమె ముఖం చూడనివాళ్ళు, ఆమె భాష రానివాళ్ళు.

అంతమంది వాడుతున్నా పందిరి వెర్షన్ నంబరు మాత్రం సున్నాతోనే మొదలయ్యేది. ఈ పనిలో దానికో అర్థం ఉంది. ముందు సున్నా ఉందంటే, ఇది ఇంకా కుదురుకోలేదు, మీ పూచీ మీద వాడుకోండి అని. ఒకటి అని పెట్టారంటే, ఇక దీనిమీద నిశ్చింతగా కట్టుకోండి, మేం మీ కాళ్ళకింద నేల కదపం అని మాటిచ్చినట్టు. ఆ ఒకటి ఎప్పుడొస్తుందని ఎవరడిగినా ఆమె జవాబు ఒక్కటే: "ఇంకొంచెం." ఏళ్ళ తరబడి అదే మాట. చివరికి పందిరి వాడేవాళ్ళంతా ఆమెను ఇంకొంచెం మేడమ్ అనడం మొదలుపెట్టారు. వెనకాల అంటున్నారనుకున్నారు గానీ, వాళ్ళు మాట్లాడుకునే చోటు కూడా అందరికీ తెరిచి ఉన్నదే. ఆమె అన్నీ చదివేది.

ఈ పనిలో ఆమెకు జోడు ఒక లెక్కల మాస్టారు. వేరే ఊళ్ళో పాఠాలు చెప్పుకునే మనిషి. ఒకసారి పందిరిలో ఒక తప్పు చూపించాడు, ఇంకోసారి దిద్ది పంపాడు. చూస్తుండగానే సగం బరువు ఆయన భుజం మీదకి వెళ్ళిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు ఎదురుగా చూసుకున్నది లేదు, అంతా ఫోన్లోనే. ఆయనకి పని అంటే తేదీ. తేదీ లేని పని బెల్లు లేని బడిలాంటిదనేవాడు.

ఇంట్లో ఆమే, వాళ్ళ నాన్నే. అక్క కాపురం రెండు వీధుల అవతల. నాన్న జీవితమంతా ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దాడు. రిటైరైనా చెయ్యి ఊరుకోదు. మందు సీసాతో వచ్చే కాగితం మీద కూడా అచ్చుతప్పుల చుట్టూ గుండ్రాలు చుట్టేవాడు. పందిరి ఎలా వాడుకోవాలో చెప్పే పేజీలు కూతురు రాస్తే, ఆయన కళ్ళజోడు సర్దుకుని కూర్చునేవాడు.

"అమ్మడూ, ఇక్కడ 'దాచబడును' అన్నావు. ఎవరు దాస్తారు? దొంగా?"

"ఫోన్ దాస్తుంది నాన్నా."

"అయితే ఫోను దాస్తుందనే రాయి. దాక్కుని మాట్లాడతావెందుకు?"

అలా తండ్రీకూతుళ్ళు దిద్దుకుంటూ పోతే, దిద్దినదాంట్లోంచి కొత్త తప్పులు పుట్టుకొచ్చేవి. అక్క వచ్చినప్పుడల్లా నెత్తి కొట్టుకునేది. "ఇద్దరికిద్దరూ సరిపోయారు! ఈ ఇంట్లో ఏదన్నా పూర్తయిందంటే అది గ్యాస్ బండ ఒక్కటే."

నిజానికి ఆమె భయమంతా ఒక దెయ్యం గురించి. పందిరి వాడేవాళ్ళలో ఎక్కడో ఎవరో, ఎప్పుడో ఒకసారి రాసేవారు: "మేం మార్చిన వివరం మళ్ళీ పాతదైపోయింది." ఎలా అయిందో వాళ్ళకీ తెలీదు. ఆమె అదే రకం ఫోను తెప్పించి, అదే పని చేసి చూస్తే ఏమీ అయ్యేది కాదు. కోడ్ వరస వరస చదివింది. మాస్టారూ చదివాడు. ఎక్కడా దొరకలేదు. "వాళ్ళే మర్చిపోయి పాతది మళ్ళీ రాసుంటారమ్మా" అనేవాడు మాస్టారు. ఆమె అవునంటూనే ఆ రాత్రికి నిద్రపోయేది కాదు.

అలా ఉండగా రెండు దెబ్బలు ఒకదాని వెనక ఒకటి తగిలాయి. మొదటిది పుస్తకాల బండివాళ్ళ ఉత్తరం. చాలా మర్యాదగా రాశారు. "మీ పని మాకు ఇష్టం. కానీ మీ పని మీద మీకే నమ్మకం లేనప్పుడు మేం ఎన్నాళ్ళు నమ్మగలం? వేరేదానికి మారుతున్నాం." రెండోది అక్క మోసుకొచ్చింది. సున్నా నంబరుతో ఉన్న సాఫ్ట్‌వేర్ మీద రోగుల వివరాలు ఉంచకూడదని వాళ్ళ సంస్థలో పైవాళ్ళు తీర్మానించారట. ఏడాది ఆఖరులోగా ఒకటో వెర్షన్ రాకపోతే పాత యాపే మళ్ళీ గతి.

"ఆ మింగుడు యాపా?" అంది చెల్లెలు.

"అదే. నీ పుణ్యమా అని పీడ వదిలిందనుకున్నాను. నీ పుణ్యమా అనే మళ్ళీ వస్తోంది."

మాస్టారు ఇక ఆగలేదు. ఆమెతో ఒక్కమాట అవుననిపించుకుని, వచ్చే శుక్రవారం ఒకటో వెర్షన్ అని అందరికీ చాటేశాడు. అభినందనలు వచ్చిపడ్డాయి. ఇంకొంచెం మేడమ్ చివరికి 'ఇక చాలు' అందా అని ఎవరో చమత్కరించారు. ఆమె ఆఫీసుకి వారం సెలవు పెట్టింది. పెట్టి, ఇంట్లో కాలుకాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టింది. కోడ్‌లో తప్పులు పట్టే పరీక్షలన్నీ నడిపింది, అన్నీ పాసైనట్టు పచ్చగా వచ్చాయి. పచ్చగా వచ్చాయని అనుమానమొచ్చి మళ్ళీ నడిపింది. కాఫీ కలిపి ఎక్కడో పెట్టి మర్చిపోయేది. నాన్న ఇల్లంతా వెతికి, బీరువా మీదో వాషింగ్ మెషీన్ మీదో చల్లారిపోయిన కప్పులు ఏరుకొచ్చేవాడు.

మంగళవారం పొద్దున్నే అక్క వచ్చింది. చెల్లెలి ముఖం చూసి సంచీ భుజానికి మళ్ళీ తగిలించుకుంది.

"పద, నాతో రా."

"ఎక్కడికి?"

"నా రోగుల దగ్గరికి. ఇక్కడ గోడలతో పోట్లాడే బదులు నువ్వు కట్టినదాన్ని వాడేవాళ్ళని కళ్ళారా చూడు. ఇన్నేళ్ళలో ఒక్కరోజు వచ్చావా?"

రాలేదు. ఆ మాట సూదిలా దిగింది. ఆమె మారుమాట్లాడకుండా చెప్పులేసుకుంది.

అక్క నడక నడక కాదు, పరుగుకి తోబుట్టువు. బస్సు దిగితే మెట్లు, మెట్లు దిగితే సందు. వెళ్ళిన ప్రతి ఇంట్లో ఆమె స్వరం మారిపోయేది. ఒక ముసలాయన దగ్గర చిన్నపిల్లలా గారాలు పోయింది, ఒక లావుపాటి కొడుకుని మాత్రం, "అమ్మకి పక్క మార్చడానికి బద్ధకమా? రేపొచ్చి వీపు చూస్తాను, ఎర్రగా ఉందో నీ వీపు కూడా ఎర్రబడుద్ది" అని బెదిరించింది. ప్రతిచోటా బయటికొస్తూ గుమ్మంలో నిలబడి ఫోన్లో టకటకా రాసేది. చెల్లెలు ఆ వేళ్ళకేసే చూసేది. తను ఏళ్ళ తరబడి రాసిన కోడ్ మీద అక్క బొటనవేళ్ళు పరిగెడుతున్నాయి. అక్కకి ఆ కోడ్ ఉందన్న ధ్యాసే లేదు. అది చూసి ఆమెకి చాన్నాళ్ళ తర్వాత కాస్త ఊపిరాడింది.

మూడో ఇల్లు ఒక పెద్ద భవనం సెల్లార్‌లో. వాచ్‌మన్ దంపతులు. ఆయనకి చక్కెర జబ్బు, కాలి మీద మానని పుండు. పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ ఇవ్వాలి. చూపు సరిగా ఆనదు కాబట్టి అక్కే వచ్చి ఇస్తుంది. ఇంజక్షను చేసి, కట్టు మార్చి, 'ఎప్పటి మోతాదే' అని ఫోన్లో రాసుకుంది. అక్కడ సిగ్నల్ లేదు. పందిరి ఆ రాతను ఫోన్లోనే దాచుకుంది.

సాయంత్రం మళ్ళీ అదే ఇంటికి వచ్చారు. అక్క ఫోను చూసుకుని సిరంజిలోకి మందు లాగుతుంటే వాచ్‌మన్ భార్య అంది, "నర్సమ్మా, డాక్టరుగారు పొద్దున ఫోన్ చేశారు. రక్తపరీక్ష చూశారంట. సాయంత్రం మందు తగ్గించమన్నారు. మీకు చెప్పలేదా?"

అక్క చెయ్యి ఆగింది. ఫోను మళ్ళీ చూసింది. "ఇందులో పాతదే ఉందమ్మా."

"ఫోన్లో మార్చేశాను, ఆవిడకి తెలిసిపోతుంది అన్నారమ్మా."

అక్క సిరంజి పక్కనపెట్టి, మెట్లెక్కి వీధిలోకి వెళ్ళి డాక్టరుకి ఫోన్ చేసింది. చెల్లెలు వెనకాలే వెళ్ళింది. డాక్టరు గొంతు బయటికి వినిపిస్తోంది. "పొద్దున మీరు వాళ్ళింట్లోంచి వెళ్ళిన అయిదు నిమిషాలకే మార్చానండీ. నా కళ్ళతో చూసుకుని మార్చాను."

ఇన్నాళ్ళూ దొరకనిది ఇదేనని చెల్లెలికి తెలిసింది. దెయ్యం. తను కట్టిన పందిరి మీదే, తన కళ్ళముందే, తన అక్క చేతిలో. వాచ్‌మన్ భార్య నోరు విప్పకపోతే ఆ మందు ఆ మనిషి ఒంట్లోకి వెళ్ళిపోయేది.

"అక్కా, ఆ ఫోనివ్వు."

ఇద్దరూ గేటు పక్కనున్న అరుగు మీద కూర్చున్నారు. ఆమె ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళింది. డాక్టరు మార్పు వచ్చింది, పందిరి దాన్ని చూసింది, చూసి పక్కన పడేసింది. ఎందుకు? ఒకే వివరం మీద రెండు రాతలు వస్తే తర్వాత రాసినదే నిలవాలని తనే కదా పెట్టింది. డాక్టరే తర్వాత రాశాడు. మరి అక్క రాత తర్వాతదని పందిరి ఎలా అనుకుంది? ఆమె అక్క ఫోన్లో టైము చూసింది. తన చేతి గడియారం చూసుకుంది. మళ్ళీ ఫోను చూసింది.

"అక్కా, నీ ఫోన్ గడియారం ముందుకుందేమిటి?"

"ఆఁ, పావుగంట ముందుకి పెట్టుకున్నాను. నేనే పెట్టుకున్నాలే. లేకపోతే పొద్దున ఎక్కడ లేస్తాను? నేనొక్కదాన్నే ఏంటి, మా నర్సులందరం అంతే."

చెల్లెలు ఫోను ఒళ్ళో పెట్టుకుంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, సముద్రాల అవతలి ఫోన్లు తెప్పించి మరీ వెతికింది. దెయ్యం అక్క హ్యాండుబ్యాగులో ఉంది. సమయానికి చేరాలని గడియారం ముందుకి తిప్పుకున్న మనుషుల్ని తను ఏనాడూ ఊహించలేదు. గడియారమంటే నిజమే చెబుతుందనుకుంది. ఆ పావుగంటే అక్క ముందు రాసినదాన్ని డాక్టరు రాతకన్నా తర్వాతది చేసేసింది.

"నేనేమన్నా తప్పు చేశానా?" అంది అక్క, మొదటిసారి గొంతు తగ్గించి.

"నువ్వు కాదక్కా. నేను. నీ గడియారాన్ని నమ్మాను."

"దాన్ని నేనే నమ్మను కదే!" అంది అక్క. ఇద్దరికీ నవ్వొచ్చింది. అది సంతోషంతో వచ్చిన నవ్వు కాదు. అక్క లేచి, కొత్త మోతాదు ఇవ్వడానికి కిందికి వెళ్ళింది. ఇంటికి వెళ్ళేలోగా మిగతా నర్సులందరికీ ఫోన్ చేసి గడియారాలు సరిచేయించింది. ఆ ఒక్క పనికి మాత్రం ఆమెకి ఏ వెర్షనూ అక్కర్లేకపోయింది.

ఇంటికి వస్తూనే చెల్లెలు మాస్టారికి ఫోన్ చేసింది. కూర్చోలేదు, వరండాలో అటూ ఇటూ నడుస్తూనే చెప్పింది. అంతా విని ఆయన పెద్దగా ఊపిరి వదిలాడు.

"దొరికింది కదమ్మా. అంతకంటే ఏం కావాలి? నేను చెప్పింది తప్పే, వాళ్ళు మర్చిపోలేదు. రేపే దిద్దుదాం."

"ఇది దిద్దితే పోయేది కాదు మాస్టారూ. మొత్తం గడియారాల మీదే నిలబెట్టాం. పునాదిలోంచి తియ్యాలి. ఏ రాత ఏ రాతని చూసి రాశారో గుర్తుపెట్టుకోవాలి. రెండూ ఢీకొంటే ఎలా కలపాలో ఒక్కో రకానికి ఒక్కో పద్ధతి రాయాలి. ఆరునెలలు పడుతుంది. శుక్రవారం వద్దు."

ఈసారి ఆయన అమ్మా అనలేదు.

"మేడమ్" అన్నాడు. కోపం వస్తేనే ఆయన నోట ఆ మాట వచ్చేది. "శుక్రవారం వద్దంటే ఒప్పుకుంటాను. ఒక మనిషి ప్రాణం మీదకి వచ్చింది కాబట్టి ఒప్పుకోవాలి. కానీ ఆరునెలలు అనకండి. ఆరునెలలయ్యాక ఇంకో దెయ్యం కనిపిస్తుంది. అప్పుడు ఇంకో ఆరునెలలంటారు. ఈలోగా మీ అక్కగారి చేతికి ఆ మింగే యాపే ఇస్తారు. దానికన్నా మనది నయం కాదా? మీరు ఆలోచించుకోండి. ఈసారి తేదీ లేకుండా వాయిదా అంటే, నేను తప్పుకుంటాను."

ఫోను పెట్టేశాడు. ఇన్నేళ్ళలో ఆయన అలా పెట్టెయ్యడం అదే మొదలు.

రెండురోజులు ఆమెకి ఏ పనీ సాగలేదు. బయటికి వెళ్ళేది, వీధి చివరి దాకా నడిచేది, ఎందుకొచ్చానో అనుకుని వెనక్కి వచ్చేది. ఆరునెలల పని ఎలా చెయ్యాలో ఒక కాగితం మీద గీసింది, చింపేసింది. శుక్రవారం మధ్యాహ్నం, అంటే ఒకటో వెర్షన్ రావాల్సిన పూట, నాన్న పక్కన కూలబడింది. ఆయన పేపర్లో ఏదో తప్పు పట్టుకుని ముసిముసిగా నవ్వుకుంటున్నాడు.

"నాన్నా, ఈ పుస్తకం ఇక దిద్దింది చాలు, అచ్చుకి పంపొచ్చు అని నీకెలా తెలిసేది?"

ఆయన కళ్ళజోడు తీసి కూతురి వైపు చూశాడు. "నాకెప్పుడూ తెలీలేదమ్మడూ."

"అదేంటి? అన్ని పుస్తకాలు చేశావు కదా!"

"దిద్దాను. పంపింది నేను కాదు. ఫోర్‌మన్ వచ్చి నా చేతిలోంచి కాగితాలు లాక్కుపోయేవాడు. ఇంకొక్కసారి చూసిస్తానయ్యా అంటే, 'మీ చూపుకి అంతుండదు, నా మిషను ఖాళీగా ఉంది' అనేవాడు. వాడంటే నాకు మహా మంట. కానీ వాడే లేకపోతే ఇప్పటికీ మొదటి పుస్తకమే దిద్దుతూ ఉండేవాణ్ణి."

"మరి తప్పులు పోయేవా?"

"ఎక్కడ పోతాయి? అచ్చయ్యాకే కదా అవి కళ్ళు తెరిచి మనకేసి చూసేది! చివరి పేజీలో తప్పొప్పుల పట్టిక వేసేవాళ్ళం. అర్థం మారిపోయే తప్పుంటే మాత్రం ఫోర్‌మనైనా సరే, మిషనాపేవాడు. కామా కోసం ఆపేవాడు కాదు." ఆయన కూతురి జుట్టు మీద చెయ్యి వేశాడు. "నీ పనిలో చిక్కేంటంటే దిద్దేదానివీ నువ్వే, ఫోర్‌మన్‌వీ నువ్వే. నీ చేతిలోది నువ్వే లాక్కోవాలంటే ఎలా కుదురుద్ది?"

ఆమె లేచి వరండాలోకి వెళ్ళింది. అర్థం మారే తప్పు ఏది, కామా ఏది? డాక్టరు మాట చెరిగిపోవడం అర్థం మారే తప్పు. అది ఉంచి ఒకటి అని పెట్టడానికి లేదు. కానీ ఢీకొన్న రాతల్ని పందిరే తెలివిగా కలపాలన్నది? అది తన గొప్ప. అసలు పందిరి ఎందుకు తేల్చాలి? రెండు రాతల్లో ఒకదాన్ని చూడకుండా రెండోది రాస్తే, రెండూ దాచి, ఏది నిజమని మనిషినే అడగొచ్చు కదా. ఏదీ పారెయ్యకుండా ఉంటే చాలదా? అది ఆరునెలల పని కాదు. ఏడాది ఆఖరుకి ముందే అయిపోయే పని.

మాస్టారికి ఫోన్ చేసింది. మొదటి రింగుకే ఎత్తాడు.

"మాస్టారూ, తప్పుకోకండి. మీకో పని అప్పజెబుతాను. కొత్త వెర్షన్ విడుదల చెయ్యడానికి ఒక తాళంచెవి లాంటిది ఉంటుంది కదా, నా దగ్గర మాత్రమే ఉన్నది. దాన్ని మీకిస్తున్నాను. ఇకమీదట విడుదల చేసేది మీరు. నేను దిద్దుతాను, అంతే. రాత పారేసే తప్పు కనిపిస్తే ఆపే హక్కు నాకుంది. ఇంకేదానికీ ఆపమన్నా మీరు ఆపకండి."

"మీరు అడిగినా?"

"నేనడుగుతాను. తప్పకుండా అడుగుతాను. మీరు వినకండి."

అవతల చిన్న నవ్వు. "బళ్ళో నలభైమంది అడుగుతారమ్మా, ఇంకో అయిదు నిమిషాలు సార్, ఇంకో అయిదు నిమిషాలు సార్ అని. పేపర్లు లాక్కోవడం నాకు కొత్త కాదు."

తర్వాతి రోజులు ఆమె అన్నం తిన్నదో లేదో నాన్నకే తెలియాలి. పనిలోంచి వచ్చి పని, పని మీద పని. అక్కని ఎదురుగా కూర్చోబెట్టి, ఒక ఫోను గడియారం ముందుకీ ఒకటి వెనక్కీ తిప్పి, ఒకటి నిన్నటి తేదీలో పెట్టి రాయించింది. "నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నావే" అంటూనే అక్క రాసింది. ఏదీ పోలేదు. ఢీకొన్న ప్రతిచోటా రెండు రాతలూ పక్కపక్కన నిలబడి, ఏది ఉంచమంటారని అడిగాయి.

మాస్టారు కొత్త తేదీ పెట్టాడు. ఆ రోజు మధ్యాహ్నం ఆమె ఇంకా ఏదో మారుస్తూనే ఉంది. సహాయం పేజీలో ఒక వాక్యం నచ్చలేదు, బటన్ రంగు నచ్చలేదు. ఫోన్ చేసింది.

"మాస్టారూ, ఒక్కరోజు..."

"రాత పోతోందా?"

"పోవట్లేదు. కానీ ఆ బటన్..."

"అయితే ఇవ్వండమ్మా." అంతే, ఆయన లాగేసుకున్నాడు. మాట పూర్తయ్యేలోగా ఆమె తెర మీద పందిరి నంబరులో సున్నా పోయి ఒకటి నిలిచింది. చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. చేతులు ఏం చేసుకోవాలో తెలీక ఆమె వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

ఒక గంట దాకా ఎవరూ పలకలేదు. ఆ నిశ్శబ్దం ఆమెను తిట్లకంటే ఎక్కువ వేధించింది. తర్వాత వానలా మొదలైంది. ఎవరో శుభాకాంక్షలు చెప్పారు. ఎవరో మొదటి పేజీలోనే అక్షరదోషం ఉందన్నారు. చేపల పడవలవాళ్ళు రాసింది మాత్రం గట్టి దెబ్బే: వాళ్ళ పాత ఫోన్లలో 'ఏది ఉంచమంటారు' అన్న ప్రశ్న కనిపిస్తోంది గానీ, నొక్కాల్సిన బటన్ తెర కిందికి జారిపోయి అందట్లేదు. పడవ ఊగుతుంటే బటన్ కోసం తడుముకుంటున్నారట.  చూశారా, నేను చెప్పలేదూ, ఆ బటన్ గురించే కదా అన్నాను అని ఆమె మాస్టారికి ఫోన్ చెయ్యబోయింది. చెయ్యి ఆపుకుంది. తను బాధపడింది రంగు గురించి. ఇది తను వందసార్లు చూసినా చూడలేని తప్పు. తన ఇంట్లో అంత పాత ఫోనే లేదు.

వాళ్ళ రాతలు పోయాయా అని ముందు చూసింది. ఒక్కటీ పోలేదు. రెండేసి చొప్పున బుద్ధిగా కూర్చుని ఉన్నాయి.

"నిజమే, మాదే పొరపాటు. మీ రాతలన్నీ భద్రంగా ఉన్నాయి. రేపటికల్లా దిద్ది పంపుతాం" అని వాళ్ళకి రాసింది. ఒకటో వెర్షన్‌కి వెయ్యాల్సిన మొదటి అతుకు అది. వేస్తుంటే, అనుకున్నంత సిగ్గుగా అనిపించలేదు.

నర్సుల సంస్థవాళ్ళు ఆ నెలలోనే పందిరిని ఖాయం చేసుకున్నారు. పుస్తకాల బండివాళ్ళు తిరిగి రాలేదు. వాళ్ళ ఉత్తరం గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి కలుక్కుమనేది. ఆ కలుక్కు ఇక ఉంటుందని సర్దుకుంది.

ఒకరోజు పని మధ్యలో అక్క ఫోన్ చేసింది. వెనకాల బస్సుల రొద.

"ఏమే, నీ పందిరికి ఈమధ్య నోరు లేచింది! ఇవాళ ఒక్కరోజే నాలుగుసార్లు అడిగింది. మీరిలా అన్నారు, డాక్టరుగారు అలా అన్నారు, ఏది నిజం అని. కోర్టులో లాయర్లు కూడా ఇన్ని ప్రశ్నలు వెయ్యరు!"

"వేస్తే నువ్వేం చేశావు?"

"ఏం చేస్తాను? డాక్టరుకి ఫోన్ చేసి కనుక్కున్నాను. విసుక్కున్నాడు. నేనూ విసుక్కున్నాను."

"మందు?"

"సరైనదే పడింది. కానీ విసుగే తల్లీ!"

"విసుగు తగ్గించే పని రెండో వెర్షన్‌లో చూద్దాంలే."

"అదెప్పుడు?" అంది అక్క.

ఆమె నోరు తెరిచింది. నాలుక చివరిదాకా పాతమాటే వచ్చింది. కిటికీ దగ్గర నిలబడి, కింద వీధిలో సిగ్నల్ కోసం ఆగిన బళ్ళకేసి చూసింది.

"మాస్టారినడగాలి" అంది.